గాలికి వాలు

ఫాతిమానగర్ల మా ఇంటి పక్క రేకుల షెడ్డు.
నిన్నమొన్నటిదాక విరిగిన మంచం, పాడైన కూలరు.
ఇప్పుడు రంగు కోసం నిలబడ్డ రెండు స్కూటర్లు,
ఒంటి ఆటో డోరు,
మూలకు నూట యాభై లీటర్ల గాలి టాంకీ.
పాతదే. అమ్మినోడు మాత్రం
చెలిమె లెక్క ఊరుతదన్నడు.

గాలిని గోడ పొంటి నడిపియ్యాలె.
తెల్ల ప్లాస్టిక్ పైపు తెచ్చిన,
బాత్రూముకు మిగిలిన ముక్కలు గూడ అతికిచ్చిన.
పొద్దూకేసరికి పని ఒడిసింది.
జసింతను పిలిచి చూపెట్టిన,
మంచిగనే ఉన్నదన్నది.

ఇన్నయ్య మామ వచ్చిండు.
ముప్పై నాలుగేండ్లు కాజీపేట డీజిల్ షెడ్డుల
ఇంజన్లకు గాలి బ్రేకులు కట్టిన చేతులు.
పైపును గోరుతోని రెండుసార్లు కొట్టిండు.
"నీళ్ల పైపు పగిల్తే తుడుసుకుంటం బిడ్డా,
గాలి పైపు పగిల్తే మనల్ని ఏరుకుంటరు."
చాయ ముట్టకుంటనే పోయిండు.

తెల్లారి ఇనుప పైపులు.
కొసలకు మరలు కోసిచ్చుకొచ్చిన.
తెల్ల టేపు మర తిరిగే దిక్కే చుట్టాలెనట,
ఎదురు చుడితే బిగిచ్చినకొద్దీ ఊడొస్తదట.
"అటు కొసకు రెండేళ్లు దించు" అన్నడు మామ.
గాలికి వాలెందుకు, అదేమన్న కాల్వనా?
"గాలిల నీళ్లుంటయి. పిండితే తెలుస్తది."
కొమ్మ పైపు కిందికెల్లి తియ్యొద్దట,
మీదికి లేపి, కొంగ మెడ లెక్క వంచి, అప్పుడు దించాలెనట.
నీళ్లకు ఎక్కరాదు, గాలికొస్తది,
గంతే కిటుకు.

మేస్త్రీ నడిగి సన్న గొట్టం తెచ్చి నీళ్లు నింపితే
ఒక కొస నేను, ఒక కొస జసింత.
ఇంకొంచెం మీదికి. కాదు, నువ్వే కిందికి.
పన్నెండేండ్ల కాపురంల
ఇద్దరం ఒక్క మట్టానికొచ్చింది గా పూటనే.
అటెన్క నేనే రెండేళ్లు దిగిన.

రాత్రి పన్నెండింటికి
ఎవ్వరు ముట్టకుంటనే మోటరు లేసింది.
మళ్ల ఒంటిగంటన్నరకు.
పక్కింటి ఐలమ్మ కిటికీ రెక్క దబ్బున ఏసింది.
ఎక్కడనో కారుతున్నది, కండ్లకు కనిపియ్యనిది.
సబ్బు నురుగు, పాత పండ్ల బ్రష్షు,
పదిహేడు అతుకులకు పూసుకుంట పోయిన.
ఒక్క బుడగ లేస్తే ఒట్టు.

మామకు చెవులు ఏనాడో పోయినయి,
ఇంజన్లకే ఇచ్చిన అంటడు.
ఇసొంటి మనిషికి సప్పుడెట్ల దొరుకుతది?
చెంపకు నీళ్లద్దుకున్నడు.
పసిపిల్ల నుదురు మీద జరం చూసినట్టు
చెంపను పైపు పొంటి తీసుకపోయిండు,
ఒక్కొక్క అడుగు, కండ్లు మూసి.
బీరువ ఎనుక ఆగిండు.
నేను వేలు పెడితే ఏం లేదు.
పెదవి తడుపుకొని వంగిన,
దారమంత సన్నగ, సల్లగ.
పద్దెనిమిదో అతుకు.
లెక్కల నేనే మర్శింది.

ఇప్పుడు రోజూ పొద్దూకంగ
దించిన కొసకు మూత తిప్పుత.
అంచు పలిగిన చాయ గ్లాసుల
తుప్పు రంగు నీళ్లు, పావుమందం.
వానకాలమైతే సగం.
మేం పీల్చేదాంట్ల ఇంత ముసురున్నదా!
గిదంత పెయింటు గన్నులకు పోయుంటే
నరేంద్రాచారి నీలం స్కూటరు ఒంటి నిండ
చేప కండ్లు లేసేటియి.

మొన్న మామ వచ్చి గొట్టం అందుకున్నడు,
నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి ఇడువుమన్నడు.
అంగి చెయ్యి పటపట కొట్టుకున్నది.
ఆయనకు గా సప్పుడు ఇనపడదు,
ఐనా చాలసేపు అట్లనే నిలవడ్డడు,
బండి కదిలేదాక చూసేటోని లెక్క.
"ఐదు కిలోలు" అన్నడు.
నేను గేజు చూసిన. ముల్లు నాలుగున్నర మీద ఉన్నది.
ఏమనలేదు.
ఆయన చాయకు ఇంట్లకు పోయినంక
అద్దాన్ని గోరుతోని కొట్టిన.
ముల్లు ఉలిక్కిపడి
ఐదు మీదికొచ్చి నిలవడ్డది.